లినక్స్ కంప్యూటర్లో ఇంటి నెట్‌కి ఐపీ సెట్టింగ్స్ ఎలా పెట్టుకోవాలి

పాత డెస్క్‌టాప్‌కి ఉబుంటూనో లినక్స్ మింటో వేసుకుని, వైఫై బాక్స్ నుంచి కేబుల్ తెచ్చి వెనకాల గుచ్చితే చాలామందికి నెట్ దానంతటదే వచ్చేస్తుంది, మీకూ అలాగే వచ్చేస్తే ఐపీ సెట్టింగ్స్ జోలికి అస్సలు వెళ్లక్కర్లేదు, హాయిగా వాడుకోండి. ఇది అలా రానివాళ్ల కోసం, లేదంటే నెట్ వచ్చినా ఏదో ఒక పనికి కంప్యూటర్‌కి నెట్‌వర్క్‌లో ఉండే నంబర్, అంటే ఐపీ అడ్రస్, ఎప్పుడూ ఒకటే ఉండాలి అనుకునేవాళ్ల కోసం రాస్తున్నాను. మా బావకి గజపతినగరంలో జిరాక్స్ షాపు ఉంది, అక్కడ మింట్ వేసిన కంప్యూటర్‌కి ప్రింటర్ తగిలించి పక్కనున్న రెండు ల్యాప్‌టాపుల నుంచి కూడా దానికే ప్రింటు కొడతారు, కరెంటు పోయి వచ్చినప్పుడు ఒక్కోసారి ఆ కంప్యూటర్ నంబర్ మారిపోయేది, దాంతో ల్యాప్‌టాపులకి ప్రింటర్ ఎక్కడుందో దొరక్క ప్రింట్లన్నీ క్యూలో నిలబడిపోయేవి, ఎదురుగా ఆధార్ జిరాక్సుకి వచ్చినవాళ్లు కూడా నిలబడిపోయేవాళ్లు. ఇంట్లో సీసీ కెమెరా డబ్బా ఉన్నవాళ్లకీ, సినిమాలన్నీ ఒక కంప్యూటర్లో పెట్టుకుని టీవీలో చూసేవాళ్లకీ ఇదే గొడవ.

అన్నిటికంటే ముందు ఒక మాట, దీన్ని గట్టిగా పట్టుకోండి. నంబర్లు ఊహించి కొట్టకండి. కంప్యూటర్‌ని ఆటోమేటిక్‌లో ఉంచి, బాక్స్ దానంతటది ఇచ్చిన నంబర్లు ఏంటో చదివి, కాగితం మీద రాసుకుని, అందులో మార్చాల్సిన ఒక్కదాన్నే మార్చండి. ఏదో వీడియోలో గేట్‌వే, అంటే బాక్స్ నంబర్, 192.168.0.1 అన్నారని అదే కొట్టేస్తారు, ఇంట్లో బాక్స్ చూస్తే 192.168.1.1 ఉంటుంది, ఇక నెట్ ఎలా వస్తుంది? లినక్స్‌లో నెట్ రాదు అనే పేరు సగం ఇలాగే వచ్చింది, పాపం లినక్స్ తప్పు ఏమీ ఉండదు.

లాగిన్ ఎవరు చేస్తున్నారో ముందు చూసుకోండి

మన శ్రీకాకుళం, విజయనగరం వైపు బీఎస్ఎన్ఎల్ ఫైబర్ అయినా ఏపీ ఫైబర్‌నెట్ అయినా జియో, ఎయిర్‌టెల్ అయినా వీధిలో కేబుల్ ఆపరేటర్ ఇచ్చేదయినా ఇంటి గోడకి ఒక డబ్బా బిగిస్తారు, మనం వైఫై బాక్స్ అంటాం, రౌటర్ అంటాం, కేబుల్ అబ్బాయిలు ఓఎన్‌యూ అనో ఓఎన్‌టీ అనో అంటారు. ఫైబర్ సన్నవైరు దాన్లోకి వెళ్తుంది, మన కంప్యూటర్‌కి వచ్చే లావు కేబుల్ దాన్లోంచి వస్తుంది. ఈ డబ్బా ఎలా పెట్టారన్నదాన్ని బట్టి మీ పని మారుతుంది. ఎక్కువ ఇళ్లలో డబ్బాయే కంపెనీకి లాగిన్ అయిపోయి, లోపల ఫోన్లకీ టీవీకీ కంప్యూటర్లకీ తనే నంబర్లు పంచుతుంది, దీన్ని రూట్ మోడ్ అంటారు, మీది ఇదే అయితే కంప్యూటర్లో యూజర్ ఐడీ, పాస్‌వర్డ్ ఎక్కడా కొట్టక్కర్లేదు. కొన్నిచోట్ల డబ్బాని బ్రిడ్జ్ మోడ్‌లో పెట్టేస్తారు, అంటే అది వైరు మార్చడం తప్ప ఇంకేమీ చెయ్యదు, లాగిన్ మనం కొనుక్కున్న రౌటర్ చెయ్యాలి, రౌటర్ లేకపోతే కంప్యూటరే చెయ్యాలి. ఇంకొన్ని చిన్న ఆపరేటర్ల దగ్గర కాగితం మీద నాలుగు నంబర్లు రాసి ఇచ్చి ఇవే కొట్టుకోండి అంటారు, అది స్టాటిక్ కనెక్షన్. మీది ఏదో తెలీకపోతే ఆపరేటర్‌ని ఒక్కటే అడగండి, బాక్స్ రూట్ మోడ్‌లో ఉందా బ్రిడ్జ్‌లో ఉందా అని, వాళ్లకి వెంటనే అర్థమవుతుంది.

కంప్యూటర్ ముట్టుకునే ముందు డబ్బా మీద లైట్లు కూడా చూడండి. ఎల్ఓఎస్ అని రాసున్న చోట ఎర్రలైటు వెలుగుతున్నా, ఆరుతూ వెలుగుతున్నా ఫైబర్ సిగ్నలే రావట్లేదని అర్థం, మీరు కంప్యూటర్లో ఏ సెట్టింగ్ మార్చినా ఉపయోగం ఉండదు, ఆపరేటర్‌కి ఫోన్ చేసి ఊరుకోండి. పాన్ అని రాసున్న లైటు ఆకుపచ్చగా నిలకడగా ఉంటే వైరు బాగానే ఉంది. కంప్యూటర్ వెనకాల కేబుల్ గుచ్చిన రంధ్రం దగ్గర కూడా చిన్న లైటు ఉంటుంది, అది వెలగకపోతే కేబుల్ పోయింది లేదా సరిగ్గా కూర్చోలేదు, టిక్ అని శబ్దం వచ్చేదాకా నొక్కండి.

ఇప్పుడున్న నంబర్లు చదవడం

టెర్మినల్ తెరవండి, కంట్రోల్ ఆల్ట్ టీ మూడూ కలిపి నొక్కితే వస్తుంది. కమాండ్లన్నీ ఇంగ్లీష్ చిన్న అక్షరాల్లోనే కొట్టాలి, నేను అక్షరాలు విడగొట్టి చెప్తాను. మొదటిది ఐ, పీ, స్పేస్, ఏ, ఎంటర్. బోలెడు వరసలు వస్తాయి, కంగారుపడకండి. మొదట ఎల్ఓ అని 127.0.0.1 తో ఒకటి ఉంటుంది, అది కంప్యూటర్ తనతో తను మాట్లాడుకోడానికి, వదిలెయ్యండి. తర్వాత ఈఎన్ తో మొదలయ్యే పేరు, ఉదాహరణకి ఈఎన్‌పీ3ఎస్0, ఇది కేబుల్ కార్డు. డబ్ల్యూఎల్ తో మొదలయ్యేది వైఫై కార్డు. పాత పాఠాల్లో ఈటీహెచ్0, డబ్ల్యూల్యాన్0 అని ఉంటాయి, 2013 నుంచి కొత్త పద్ధతి పేర్లు వచ్చాయి కాబట్టి మీ దాంట్లో ఏ పేరు కనిపిస్తే అదే వాడండి, పాఠంలో పేరు కొట్టకండి. అలాగే ఐఎఫ్‌కాన్ఫిగ్ అనే కమాండ్ పనిచెయ్యట్లేదని కొంతమంది అడుగుతారు, అది పాతది, కొత్త సిస్టమ్స్‌లో చాలావాటిలో వెయ్యట్లేదు, ఐపీ కమాండే దాని పని చేస్తుంది.

మీ కార్డు కింద ఐనెట్ అన్న వరసలో 192.168.1.7/24 లాంటిది కనిపిస్తుంది, అదే వరస చివర్లో డైనమిక్ అనే మాట ఉంటే ఈ నంబర్ బాక్స్ అద్దెకి ఇచ్చింది అని అర్థం, దాని కిందే ఇంకా ఎన్ని సెకన్లు చెల్లుతుందో కూడా రాసి ఉంటుంది, 86400 అంటే ఒక రోజు. గడువు మధ్యలోనే కంప్యూటర్ వెళ్లి మళ్లీ పొడిగించుకుంటుంది కాబట్టి మామూలుగా అదే నంబర్ కొనసాగుతుంది, కానీ కరెంటు పోయి బాక్స్ కూడా ఆగిపోయి లేచినప్పుడు ఎవరికి ఏది ఇచ్చిందో చాలా బాక్సులకి గుర్తుండదు, ముందు అడిగినవాళ్లకి ముందు ఇచ్చేస్తుంది, బావ షాపులో జరిగింది ఇదే. ఇలా పంచే పద్ధతి పేరు డీహెచ్‌సీపీ.

/24 ని చూసి భయపడక్కర్లేదు, 255.255.255.0 అన్నదాన్నే పొట్టిగా రాస్తే /24. మొదటి మూడు అంకెలగుంపులు ఇంట్లో అందరికీ ఒకటే, చివరిది మాత్రమే ఒక్కొక్కరికి వేరు అని చెప్తుంది, అలా 254 వస్తువులకి నంబర్లు ఇవ్వొచ్చు, ఇంటికి చాలా ఎక్కువ.

రెండో కమాండ్ ఐ, పీ, స్పేస్, ఆర్. డిఫాల్ట్ వయా అని మొదలయ్యే వరస ఉంటుంది, దాని పక్కన ఉన్న 192.168.1.1 మీ గేట్‌వే, అంటే బాక్స్ నంబరే. మూడోది డీఎన్ఎస్, పేర్లని నంబర్లుగా మార్చి చెప్పేది, దీనికి టెర్మినల్ కంటే సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ తెరిచి వైర్డ్ పక్కనున్న పళ్లచక్రం గుర్తు నొక్కితే డీటెయిల్స్‌లో అన్నీ ఒకేచోట కనిపిస్తాయి, అడ్రస్, డిఫాల్ట్ రూట్, డీఎన్ఎస్, హార్డ్‌వేర్ అడ్రస్. ఈ నాలుగూ కాగితం మీద రాసి డబ్బా పక్కనే గోడకి అతికించండి, ఫోన్లో ఫొటో తీసుకున్నా సరే, తర్వాత ఏది చెడిపోయినా ఈ కాగితం చూసి వెనక్కి రావచ్చు.

ఏ నంబర్ ఎంచుకోవాలి

ఇక్కడ చాలామంది తొందరపడతారు. బాక్స్ ఏ నంబర్ నుంచి ఏ నంబర్ దాకా పంచుతుందో తెలుసుకోకుండా మనం మధ్యలో ఒకటి పట్టుకుంటే, మన కంప్యూటర్ ఆపి ఉన్నప్పుడు బాక్స్ అదే నంబర్‌ని ఎవరి ఫోన్‌కో ఇచ్చేస్తుంది, ఆమదాలవలసలో బండెక్కితే మన బెర్తు మీద ఇంకొకరు కూడా టికెట్టు పట్టుకుని కూర్చున్నట్టు ఉంటుంది పరిస్థితి, ఇద్దరికీ నెట్ కాసేపు వస్తుంది, కాసేపు పోతుంది, కారణం మాత్రం దొరకదు.

బ్రౌజర్ తెరిచి గేట్‌వే నంబర్ అడ్రస్ బార్‌లో కొట్టండి, బాక్స్ పేజీ వస్తుంది. యూజర్ నేమ్, పాస్‌వర్డ్ డబ్బా కింద స్టిక్కర్ మీద ఉంటాయి, లేకపోతే ఆపరేటర్‌ని అడగండి. లోపల ల్యాన్ అనో డీహెచ్‌సీపీ సర్వర్ అనో ఉన్నచోటకి వెళ్తే స్టార్ట్ ఐపీ, ఎండ్ ఐపీ అని రెండు గడులు ఉంటాయి. చాలా డబ్బాల్లో 2 నుంచి 254 దాకా మొత్తం పంచుకోడానికే వదిలేసి ఉంటారు. స్టార్ట్ 192.168.1.100, ఎండ్ 192.168.1.200 చేసి సేవ్ చెయ్యండి. ఇప్పుడు 2 నుంచి 99 దాకా మీ చేతిలో ఉన్నట్టే, ప్రింటర్ కంప్యూటర్‌కి 50, కెమెరా డబ్బాకి 60 ఇలా మీ ఇష్టం. ఎంచుకున్నాక పింగ్, స్పేస్, 192.168.1.50 కొట్టి చూడండి, జవాబు వస్తే ఎవరో వాడుతున్నారు, ఇంకోటి చూసుకోండి. జవాబు రాకపోతే ఖాళీ అని ఖాయంగా చెప్పలేం, ఆ వస్తువు ఆపేసి ఉండొచ్చు కదా, అందుకే ముందు బాక్స్ పంచే హద్దు తగ్గించమన్నాను. పింగ్ దానంతటది ఆగదు, కంట్రోల్ సీ నొక్కి ఆపాలి.

బాక్స్ పేజీ తెరవగలిగినవాళ్లకి ఇంతకంటే మంచి దారి ఇంకోటి ఉంది. కంప్యూటర్లో ఏమీ ముట్టుకోకుండా బాక్స్‌లోనే ఈ కార్డుకి ఎప్పుడూ ఈ నంబరే ఇవ్వు అని రాసి పెట్టొచ్చు, అడ్రస్ రిజర్వేషన్ అనో స్టాటిక్ డీహెచ్‌సీపీ అనో ఐపీ మ్యాక్ బైండింగ్ అనో ఉంటుంది, కంపెనీని బట్టి పేరు మారుతుంది. దానికి కార్డు హార్డ్‌వేర్ అడ్రస్ కావాలి, మ్యాక్ అంటారు, రెండేసి అక్షరాలు ఆరు జతలుగా మధ్యలో కోలన్లతో ఉంటుంది, ఐపీ ఏ కొట్టినప్పుడు లింక్ స్లాష్ ఈథర్ అన్న వరసలో కనిపించేది అదే. కేబుల్ కార్డుది వేరు, వైఫై కార్డుది వేరు, ఏది వాడుతున్నారో దానిదే రాయండి. ల్యాప్‌టాప్ అయితే నేను ఎప్పుడూ ఇదే చెయ్యమంటాను. కదలని డెస్క్‌టాప్ అయితే కింద చెప్పినట్టు కంప్యూటర్లో పెట్టుకున్నా ఏం ఫర్వాలేదు.

కంప్యూటర్లో పెట్టడం

ఉబుంటూలో సెట్టింగ్స్, నెట్‌వర్క్, వైర్డ్ పక్కన పళ్లచక్రం, పైన ఐపీవీ4 అనే ట్యాబ్. మెథడ్ దగ్గర ఆటోమేటిక్ ఉంటుంది, మాన్యువల్ చెయ్యండి. కింద మూడు గడులు వస్తాయి, అడ్రస్‌లో 192.168.1.50, నెట్‌మాస్క్‌లో 255.255.255.0, గేట్‌వేలో కాగితం మీదున్న 192.168.1.1. దాని కింద డీఎన్ఎస్ దగ్గర ఆటోమేటిక్ స్విచ్ ఆపేసి, గేట్‌వే నంబరే రాయొచ్చు, లేదా 8.8.8.8, 1.1.1.1 అని మధ్యలో కామా పెట్టి రాయొచ్చు. మాన్యువల్‌లో డీఎన్ఎస్ గడి ఖాళీగా వదిలేస్తే నంబర్లు పింగ్ అవుతాయి గానీ ఒక్క వెబ్‌సైటూ తెరుచుకోదు, ఈ గడి మర్చిపోకండి. అప్లై నొక్కండి. నొక్కాక వైర్డ్ పక్కనున్న స్విచ్ ఒకసారి ఆపి మళ్లీ వెయ్యండి, ఇది చెయ్యకపోతే పాత నంబరే నడుస్తూ ఉంటుంది, నేను మార్చాను గానీ మారలేదేటి అని అడిగేవాళ్లందరిదీ ఈ స్విచ్ దగ్గరే ఆగి ఉంటుంది.

మింట్‌లో కింద కుడివైపు నెట్‌వర్క్ గుర్తు నొక్కి నెట్‌వర్క్ కనెక్షన్స్ తెరవండి, వైర్డ్ కనెక్షన్ 1 అని ఉంటుంది, దాన్ని ఎంచుకుని పళ్లచక్రం నొక్కితే ఐపీవీ4 సెట్టింగ్స్ వస్తుంది, మెథడ్ మాన్యువల్ చేసి యాడ్ నొక్కి అవే నంబర్లు. ఇందులో గేట్‌వే గడిలో కొట్టాక ఎంటర్ కొట్టి తర్వాత సేవ్‌కి వెళ్లండి, లేదంటే కొట్టిన నంబర్ గడిలో నిలబడకపోవచ్చు. సేవ్ బటన్ వెలిసిపోయినట్టు బూడిదరంగులో ఉందంటే ఏదో ఒక నంబర్ తప్పు, చుక్క బదులు కామా పడిందేమో, చివర్లో స్పేస్ ఉందేమో చూడండి.

వైఫైకి కూడా ఇదే పద్ధతి, కానీ ఒక్కొక్క వైఫై పేరుకి సెట్టింగ్ వేరుగా దాచుకుంటుంది. అది మంచిదే, ఇంటి వైఫైకి మాన్యువల్ పెట్టి ల్యాప్‌టాప్ పట్టుకుని రాజాంలో అత్తారింటికి వెళ్తే అక్కడి వైఫైకి ఆటోమేటిక్ అలాగే ఉంటుంది. ఇంకోటి, కేబుల్‌కీ వైఫైకీ రెండిటికీ ఒకటే నంబర్ పెట్టకండి. రెండూ ఒకేసారి తగిలించి ఉంటే లినక్స్ మామూలుగా కేబుల్నే ముందు వాడుకుంటుంది.

పక్కనే ఐపీవీ6 అని ఇంకో ట్యాబ్ ఉంటుంది, అది కొత్తరకం పొడుగు నంబర్ల పద్ధతి, దాన్ని ఆటోమేటిక్‌లోనే వదిలెయ్యండి. నెట్ స్లో అయితే అది ఆపెయ్యమని చెప్పేవాళ్లు ఉంటారు, ఆ మాట వినకండి, ఇప్పుడు మనదేశంలో నెట్ చాలావరకు దాని మీదే నడుస్తుంది.

స్క్రీన్ మీద బొమ్మలు లేని సిస్టమ్ అయితే, అంటే సర్వర్‌గా వాడే పాత డబ్బా లాంటిది, టెర్మినల్లో ఎన్, ఎం, టీ, యూ, ఐ అని కొట్టండి, నీలం తెరమీద మెనూ వస్తుంది, బాణం గుర్తులతో తిరగొచ్చు, మౌస్ అక్కర్లేదు. ఎడిట్ ఎ కనెక్షన్‌లోకి వెళ్లి మాన్యువల్ చేసి పక్కనున్న షో తెరిస్తే గడులు కనిపిస్తాయి. ఇక్కడ నెట్‌మాస్క్‌కి వేరే గడి ఉండదు, అడ్రస్‌లోనే 192.168.1.50/24 అని చివర స్లాష్‌తో సహా కొట్టాలి, /24 మర్చిపోతే /32 అనుకుంటుంది, అప్పుడు పక్కనే ఉన్న ప్రింటర్‌ని కూడా తనవాళ్లలో లెక్కపెట్టదు. తర్వాత యాక్టివేట్ ఎ కనెక్షన్‌లో ఒకసారి ఆపి మళ్లీ వెయ్యండి. రాస్‌ప్‌బెర్రీ పైలో కూడా 2023లో వచ్చిన బుక్‌వార్మ్ నుంచి ఇదే పనిచేస్తుంది. ఉబుంటూ సర్వర్‌లో మాత్రం నెట్‌ప్లాన్ అని వేరే ఫైల్ ఉంటుంది, అందులో స్పేసులు తేడా వస్తే ఒప్పుకోదు, మార్చాక నెట్‌ప్లాన్ ట్రై కొడితే 120 సెకన్లలో మీరు ఎంటర్ కొట్టకపోతే పాత సెట్టింగ్‌కి దానంతటదే వెళ్లిపోతుంది, దూరం నుంచి మార్చేవాళ్లకి ఇది ప్రాణం కాపాడేది.

యూజర్ ఐడీ, పాస్‌వర్డ్ ఇచ్చిన కనెక్షన్

బాక్స్ బ్రిడ్జ్‌లో ఉండి ఆపరేటర్ ఐడీ, పాస్‌వర్డ్ ఇచ్చి ఉంటే దాన్ని పీపీపీఓఈ అంటారు. దీన్ని కంప్యూటర్లో పెట్టొచ్చు, నెట్‌వర్క్ కనెక్షన్స్ తెరిచి ప్లస్ నొక్కి డీఎస్ఎల్ స్లాష్ పీపీపీఓఈ ఎంచుకుని, పేరెంట్ ఇంటర్‌ఫేస్ దగ్గర కేబుల్ కార్డు, యూజర్ నేమ్, పాస్‌వర్డ్ ఇచ్చి, సర్వీస్ గడి ఖాళీగా వదిలేసి సేవ్ చెయ్యడమే. ఇక్కడ అడ్రస్, గేట్‌వే ఏమీ మాన్యువల్‌గా ఇవ్వకండి, లాగిన్ అయ్యాక అవే వస్తాయి. కొన్ని కనెక్షన్లకి వీల్యాన్ నంబర్ కూడా కావాలి, అన్నీ సరిగ్గా కొట్టినా లాగిన్ కాకపోతే ఆపరేటర్‌ని ఆ నంబర్ అడగండి. కానీ నా మాట వింటే ఈ లాగిన్ రౌటర్‌లో పెట్టండి, కంప్యూటర్లో వద్దు. కంప్యూటర్లో పెడితే అది ఆపినప్పుడల్లా ఇంట్లో అందరికీ నెట్ పోతుంది, పైగా బయటివాళ్లకీ మీకూ మధ్య అడ్డం ఏమీ ఉండదు. తప్పదు అనుకుంటే ఫైర్‌వాల్ వెయ్యండి, మింట్‌లో మెనూలోనే ఫైర్‌వాల్ కాన్ఫిగరేషన్ అని ఉంటుంది, స్టేటస్ స్విచ్ ఆన్ చేస్తే చాలు.

పీపీపీఓఈలో ఇంకో వింత కనిపిస్తుంది, కొన్ని సైట్లు చకచకా తెరుచుకుంటాయి, కొన్ని మాత్రం తిరుగుతూనే ఉంటాయి. నెట్ మీద డేటా ముక్కలుగా వెళ్తుంది, ఒక్కో ముక్క, అంటే ప్యాకెట్, మామూలుగా 1500 బైట్ల దాకా ఉండొచ్చు, పీపీపీఓఈ తన కవరు కోసం 8 బైట్లు తీసుకుంటుంది కాబట్టి మిగిలేది 1492. రౌటర్‌లోనో కంప్యూటర్లోనో ఎంటీయూ అన్న చోట 1500 ఉంటే 1492 చేసి చూడండి.

నెట్ రాకపోతే ఎక్కడ ఆగిందో కనిపెట్టడం

బావ ఫోన్ చేసి "బావా, బాక్సు మీద లైట్లన్నీ బాగానే ఎలుగుతన్నాయి, పేజీ మాత్రం అలాగ తిరుగుతానే ఉంది, ఏటి సెయ్యమంటావు" అన్నాడు. అలాంటప్పుడు బాక్స్ ఆపి వెయ్యడం, కంప్యూటర్ ఆపి వెయ్యడం కాదు, మూడు పింగులు వరసగా కొట్టించాలి, ఈ వరస తప్పకండి.

మొదటిది గేట్‌వేకి, పింగ్ 192.168.1.1. వరసలు వస్తూ టైమ్ ఈక్వల్ టూ అని చివర్లో మిల్లీసెకన్లు కనిపిస్తే మీ కంప్యూటర్ నుంచి బాక్స్ దాకా దారి బాగుంది. డెస్టినేషన్ హోస్ట్ అన్‌రీచబుల్ అని వస్తే కేబుల్ అయినా సరిగ్గా లేదు, అడ్రస్ గడిలో అంకె అయినా తప్పు, గేట్‌వే నంబర్ అయినా మారింది. నెట్‌వర్క్ ఈజ్ అన్‌రీచబుల్ అని వస్తే కంప్యూటర్‌కి అసలు నంబరే లేదు, ఐపీ ఏ కొట్టి చూస్తే మీ కార్డు కింద ఐనెట్ వరసే కనిపించదు.

రెండోది బయటికి, పేరు కాదు, నంబరే, పింగ్ 1.1.1.1. గేట్‌వే పలికి ఇది పలకకపోతే ముందు ఐపీ ఆర్ కొట్టి డిఫాల్ట్ వరస ఉందో లేదో చూడండి, లేకపోతే మాన్యువల్‌లో గేట్‌వే గడి ఖాళీగా వదిలేశారు. అది ఉండి కూడా పలకట్లేదంటే తప్పు మీ కంప్యూటర్లో లేదు, బాక్స్ లాగిన్ కాలేదు, లేదా ప్యాక్ అయిపోయింది, ఫోన్‌లో వైఫై మీద కూడా రావట్లేదేమో చూసి ఆపరేటర్‌కి చెప్పండి, బాక్స్ పలుకుతుంది గానీ బయటి నంబర్లు పలకట్లేదు అని చెప్తే వాళ్లు కూడా త్వరగా పట్టుకుంటారు.

మూడోది పేరుతో, పింగ్ కొట్టి ఏదైనా సైట్ పేరు. రెండోది పలికి ఇది పలకక టెంపరరీ ఫెయిల్యూర్ ఇన్ నేమ్ రిజల్యూషన్ అని వస్తే డీఎన్ఎస్ ఒక్కటే పోయింది. బావ షాపులో ఇదే వచ్చింది, డీఎన్ఎస్ గడిలో 8.8.8.8 బదులు ఒక అంకె తప్పు పడింది, అడిగినవాటికి జవాబు లేదు, అది సరిచేసి స్విచ్ ఆపి వేస్తే నిమిషంలో వచ్చేసింది.

డీఎన్ఎస్ గురించి ఇంకో రెండు ముక్కలు. 8.8.8.8 గూగుల్‌ది, 2009 నుంచి ఉంది, 1.1.1.1 క్లౌడ్‌ఫ్లేర్‌ది, 2018లో వచ్చింది, రెండూ ఉచితమే. ఇవి పెడితే డౌన్‌లోడ్ స్పీడ్ పెరగదు, పేరు వెతికే ఆ మొదటి క్షణమే త్వరగా అవుతుంది, ఆపరేటర్ డీఎన్ఎస్ మొరాయించినప్పుడు మాత్రం బాగా ఆదుకుంటాయి. ఉబుంటూలో ఈటీసీ ఫోల్డర్లో రిజాల్వ్ డాట్ కాన్ఫ్ ఫైల్ తెరిస్తే 127.0.0.53 అని కనిపిస్తుంది, అది తప్పేమీ కాదు, లోపలున్న ఒక సర్వీస్ మధ్యలో నిలబడి అడుగుతోంది అంతే. ఆ ఫైల్‌ని చేత్తో మార్చకండి, మార్చినా మళ్లీ దానంతటదే రాసేసుకుంటుంది, మార్పు ఎప్పుడూ సెట్టింగ్స్‌లోనే చెయ్యండి.

ఊళ్లో కెమెరా, ఊరి బయట మనం

మనవైపు ప్రతి ఇంట్లో ఒకరైనా హైదరాబాదులోనో చెన్నైలోనో గల్ఫ్‌లోనో ఉంటారు, ఇంటి దగ్గర పెద్దవాళ్లు ఒక్కళ్లే ఉంటే కెమెరా పెట్టి అక్కడి నుంచి చూసుకోవాలనుకుంటారు. లోపల నంబర్ స్థిరంగా పెట్టినంత మాత్రాన బయట నుంచి కనిపించదు. 192.168 తో, 10 తో, 172.16 నుంచి 172.31 దాకా మొదలయ్యేవన్నీ ఇంటి లోపల వాడుకోడానికి పక్కన పెట్టిన నంబర్లు, బయట నెట్ మీద నడవవు. బాక్స్ పేజీలో వ్యాన్ ఐపీ అని ఉంటుంది, అంటే కంపెనీ మీ బాక్స్‌కి ఇచ్చిన నంబర్, అది చూడండి. అది 100.64 నుంచి 100.127 మధ్యలో మొదలైతే, లేదా 10 తో మొదలైతే కంపెనీవాళ్లు ఒకే బయటి నంబర్‌ని చాలా ఇళ్లకి కలిపి వాడుతున్నారు, మీరు పోర్ట్ ఫార్వర్డింగ్, అంటే బయటి నుంచి వచ్చేవాళ్లని లోపలి కెమెరాకి పంపే బాక్స్ సెట్టింగ్, ఎంత పెట్టినా పనిచెయ్యదు, రాత్రంతా కూర్చోకండి. కంపెనీని స్టాటిక్ ఐపీ అడిగి దానికి విడిగా డబ్బు కట్టొచ్చు, లేదంటే టెయిల్‌స్కేల్ లాంటి యాప్, మన వస్తువులన్నిటినీ నెట్ మీదుగా సొంత గుంపుగా కలిపేది, ఇంట్లో లినక్స్ కంప్యూటర్లోనూ మీ ఫోన్లోనూ వేసుకుంటే పోర్టులు తెరవకుండానే ఇంటి కంప్యూటర్ దొరుకుతుంది, నాకు ఇదే నచ్చుతుంది, కెమెరాని నేరుగా లోకానికి తెరిచి పెట్టడం అస్సలు మంచిది కాదు.

వైఫై వెనక గది దాకా రావట్లేదని ఇంకో రౌటర్ కొని బాక్స్‌కి తగిలించినవాళ్లు ఒకటి చూసుకోండి. రెండూ 192.168.1.1 అయితే దారి తెలీక నెట్ ఆగిపోతుంది, రెండోదాన్ని 192.168.2.1 చెయ్యండి. లేదా రెండోదాంట్లో డీహెచ్‌సీపీ ఆపేసి, దానికి బాక్స్ పంచే హద్దు బయట ఒక నంబర్ ఇచ్చి, కేబుల్‌ని దాని ల్యాన్ రంధ్రంలోనే గుచ్చి వాడండి, అప్పుడు ప్రింటర్, కెమెరా అన్నీ ఒకే గుంపులో ఉంటాయి.

బాక్స్ మారిపోతే

2018 అక్టోబర్‌లో తిత్లీ తుఫాను పలాస వైపు తీరం దాటినప్పుడు స్తంభాలు ఎలా పడిపోయాయో మనకి తెలుసు, ఆ స్తంభాల మీదే మన ఫైబర్ వైర్లు కూడా వెళ్తాయి. అంత పెద్దది రాకపోయినా ఉరుములకి బాక్సులు పోతూనే ఉంటాయి, ఆపరేటర్ వచ్చి కొత్త డబ్బా బిగించి వెళ్లిపోతాడు, ఫోన్లన్నిటికీ నెట్ వచ్చేస్తుంది, మీరు మాన్యువల్ పెట్టిన కంప్యూటర్‌కి మాత్రం రాదు. కొత్త డబ్బా నంబర్ వేరే అయి ఉంటుంది, కొన్ని 192.168.100.1 తో వస్తాయి, మీ కంప్యూటరేమో ఇంకా 192.168.1.1 నే వెతుక్కుంటూ ఉంటుంది. అప్పుడు మెథడ్ ఆటోమేటిక్‌కి మార్చి స్విచ్ ఆపి వెయ్యండి, నెట్ వచ్చాక ఐపీ ఏ, ఐపీ ఆర్ కొట్టి కొత్త నంబర్లు చదివి గోడమీద కాగితం మార్చండి, బాక్స్ పేజీలో పంచే హద్దు మళ్లీ తగ్గించండి, ఆ తర్వాత 192.168.100.50 అని మాన్యువల్ పెట్టి, పక్క ల్యాప్‌టాపుల్లో ప్రింటర్ అడ్రస్ కూడా ఆ నంబర్‌కి మార్చండి.